తీరిక లేని మాట

మా పెద్దమామయ్య లెక్కల మాస్టారుగా రిటైరై చాలా ఏళ్లయింది. తెనాలిలో ఉంటాడు. పొద్దున్నే పేపరు పడగానే పైన తేదీ దగ్గర మొదలుపెట్టి టెండరు ప్రకటనలు, వర్ధంతి ఫొటోలు, ఎవరో పోగొట్టుకున్న సర్టిఫికెట్ల వివరాలు కూడా వదలకుండా చదువుతాడు. ఫోను మోగిందంటే రెండో రింగు పూర్తికాకముందే ఎత్తుతాడు. అలాంటి మనిషి పేరు కింద వాట్సాప్‌లో ఏళ్ల తరబడి ఒకటే మాట కనిపిస్తోంది: బిజీ. ఆయన కూర్చుని టైపు చేసిన మాట కాదది. 2009లో ఆ యాప్ మొదలైందే మనిషి ఏ స్థితిలో ఉన్నాడో తెలిసినవాళ్లకు చూపించడానికి. కబుర్లు పంపుకోవడం ఆ తర్వాత వచ్చి చేరింది. ఆ తొలిరోజుల గుర్తుగా అందులో కొన్ని మాటలు ముందే రాసిపెట్టి ఉండేవి. అందుబాటులో ఉన్నాను, బిజీ, స్కూల్లో, సినిమాలో, పనిలో, మీటింగులో, నిద్రలో, బ్యాటరీ అయిపోవచ్చింది... ఇలా. మామయ్య వేలు ఎప్పుడో పొరపాటున రెండోదాని మీద పడి ఉంటుంది. మొన్న వెళ్లినప్పుడు "తీసేయనా మామయ్యా?" అని ఫోను అందుకోబోయాను. "ఉండనీరా. రిటైరైనవాడికి ఆ మాట ఎవడిస్తాడు?" అని నవ్వాడు. నవ్వాడు గానీ, ఫోను మాత్రం నా చేతికి ఇవ్వలేదు.

తిరిగొచ్చాక కూడా ఆ జవాబు నన్ను వదల్లేదు. తీరిక లేకపోవడం ఒక బాధ కదా, ఎవరైనా దాన్ని కోరి ఉంచుకుంటారా? బిజీ అన్నది ఎప్పుడు ఇలా ఉంచుకోదగ్గ వస్తువైంది? రోజంతా ఆ మాట ఎక్కడెక్కడ వినిపిస్తుందోనని చెవి ఒగ్గి చూశాను. రోడ్డు బిజీ, షాపు బిజీ, బ్యాంకులో సర్వరు బిజీ. ఫలానా హీరోయిన్ చేతినిండా సినిమాలతో బిజీ బిజీ. దసరా ముందు జాకెట్లు కుట్టే టైలరు బిజీ. ఫోను ఎత్తగానే 'హలో' తర్వాత వచ్చే మర్యాద మాట, 'బిజీగా ఉన్నారా?' దానికి 'అబ్బే, లేదు చెప్పండి' అనడంలో కొంచెం నామోషీ కూడా కలిసిపోయింది. ఔను, ఖాళీగా ఉన్నాను అని నిబ్బరంగా చెప్పేవాళ్లు ఎంతమంది? ఇక 'వాడిప్పుడు బిజీ అయిపోయాడులే' అన్న వాక్యంలో ఎన్ని పొరలున్నాయో చూడండి. వాడు పైకొచ్చాడన్న ఒప్పుకోలు, మనల్ని మరిచాడన్న నిష్ఠూరం, మనం పైకి రాలేదన్న చిన్న మంట, అన్నీ ఆ రెండక్షరాల్లోనే. అరువు తెచ్చుకున్న మాట ఇంత బరువు మోస్తుందా అని ఆశ్చర్యం వేసింది.

సొంతగడ్డ మీద ఆ మాటకి ఇంత చాకిరీ లేదు. ఇంగ్లీషులో పని పంచుకునే మాటలు చుట్టూ బోలెడున్నాయి. కుర్చీలో ఎవరో ఉన్నారంటే ఆక్యుపైడ్. మాట ఇచ్చేసి ఉంటే ఎంగేజ్డ్. కదలడానికి లేకుండా పని కట్టిపడేస్తే టైడ్ అప్. చిత్తడినేలలో దిగబడ్డట్టుంటే స్వాంప్డ్. హెక్టిక్ అన్న మాటైతే ఒకప్పుడు వైద్యుల నోట్లో ఉండేది. క్షయ రోగులకు విడవకుండా వచ్చే జ్వరానికి విశేషణం. ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ పిల్లలు 'ఈ వారం చాలా హెక్టిక్' అంటుంటే నాకు వాళ్ల నుదురు తాకి చూడాలనిపిస్తుంది. మనం మాత్రం ఈ గుంపులోంచి ఒక్కదాన్నే ఎంచి తెచ్చుకుని, అన్ని పనులూ దానికే అప్పజెప్పాం. ఎందుకని? మనకు మాటలు లేకనా?

లేకనేం. ఉన్నాయి, అవీ రకరకాలు. ఊపిరి సలపడం లేదు అంటాం. తల గోక్కునే తీరిక లేదు అంటాం. చెయ్యి ఖాళీ లేదు, కాలు నిలవడం లేదు, పనిలో తలమునకలై ఉన్నాను అంటాం. గమనిస్తే ఇవన్నీ ఒంటి మీది మాటలు. పని ఎక్కడ పట్టుకుందో చోటు చూపించి చెబుతున్నాయి. 'చెయ్యి ఖాళీ లేదు' అన్న మనిషి చేతిలో ఏదో ఉంది. పిండో, బురదో, బిడ్డో. ఇంకో రకం, పని పేరే చెప్పేయడం. నాట్ల మీదున్నారు. కోతల మీదున్నారు. పెళ్లిపనుల్లో ఉన్నారు. బేరం మీదున్నాడు, కాసేపాగు. ఇక తెలంగాణలో 'పుర్సత్ లేదు' అంటే దాని అందం దానిదే. అరబ్బీలో పుట్టి, ఫారసీ ఉర్దూల మీదుగా వచ్చిన ఆ మాటకు అవకాశం అని కూడా అర్థం. అంటే పుర్సత్ లేనివాడికి సమయం ఒక్కటే కరువు కాదు, సందు కూడా దొరకడం లేదన్నమాట. వానకు వాడే తెరపిని కూడా పనికి వాడేవాళ్లున్నారు. ఎడతెరపి లేని పని అంటే ముసురు పట్టిన పని. వీటన్నిటిలోకీ నాకు నచ్చేది తీరిక. తీరడం నుంచి వచ్చింది. అప్పు తీరినట్టు, దాహం తీరినట్టు పని తీరితే మిగిలేది తీరిక. ఈ లెక్కన తీరిక లేదు అంటే నా పని ఇంకా తీరలేదు అని. తీరాక వస్తాను అన్న హామీ ఆ మాట లోపలే ఉంది.

ఇక్కడ ఆగి నన్ను నేను అనుమానించుకోవాలి. ఇంగ్లీషు మాట రాగానే తెలుగు మాటలన్నీ బంగారమైపోవడం మాలాంటి వయసువాళ్లకి తరచూ వచ్చే జబ్బు. బిజీకి మాత్రం చరిత్ర లేదా? ఉంది, అదీ తమాషాగా ఉంది. పాత ఇంగ్లీషులో అది బిసిగ్. జాగ్రత్త, ఆదుర్దా అన్న ఛాయలు కూడా అప్పట్లో దానికి ఉండేవి. రాసేటప్పుడు 'యు' రాస్తాం, పలికేటప్పుడు 'ఇ' పలుకుతాం. రాత ఒక మాండలికంలోంచి, పలుకు మరో మాండలికంలోంచి వచ్చి కుదురుకోవడం వల్ల మన పిల్లలు స్పెల్లింగ్ పరీక్షలో దెబ్బలు తిన్నారు. ఆ బిజీకే తోక తగిలిస్తే బిజినెస్. మొదట్లో అది కేవలం పని తొందర, ఆదుర్దా; తర్వాతే దుకాణమూ లాభమూ దాన్లోకి చేరాయి. మనవైపు వ్యాపారం అన్న మాటా అచ్చం ఇలాగే నడిచింది. సంస్కృతంలో అది ఏదో ఒక పనిలో నిమగ్నమై ఉండడం. మనోవ్యాపారం అన్నప్పుడు ఎవరూ మనసులో కొట్టు పెట్టుకోరు. క్రమంగా ఆ మాట కూడా తరాజు పట్టుకుని కూర్చుంది. లాటిన్‌వాళ్లు తీరికని ఓషియం అన్నారు, దానికి కాదు అని ముందు తగిలించి నెగోషియం చేశారు, అదీ వ్యాపారమే. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇంతమంది ఒకే దారిన ఎందుకు నడిచారో! తొందరలో ఉన్న మనిషి ఏదో సంపాదిస్తూనే ఉండి ఉంటాడన్న నమ్మకం మనుషులకు అంత పాతదా?

బిజీగా ఉండడం, బిజీగా కనబడడం వేరువేరన్న ఎరుకా అంతే పాతది. పద్నాలుగో శతాబ్దం చివర్లో చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో ఒక లాయరు ఉంటాడు. అతనంత పనిమంతుడు ఎక్కడా లేడని చెబుతూనే, ఉన్న పనికన్నా ఇంకాస్త ఎక్కువ పని ఉన్నట్టు కనిపించేవాడని చాసర్ ఒక చురక వేసి పోతాడు. ఆరు శతాబ్దాలు దాటాక కూడా ఆ లాయరు మన మీటింగుల్లో లాప్‌టాప్ తెరిచి కూర్చునే ఉన్నాడు.

టెలిఫోను వచ్చాక ఈ కనబడడానికి ఒక శబ్దం తోడైంది. ట్రంకాల్ రోజుల్లో మావైపు 'ఎంగేజ్ వస్తోంది' అనేవాళ్లు, అది బ్రిటిష్‌వాళ్ల అలవాటు. తర్వాత అమెరికావాళ్ల బిజీ వచ్చి ఎంగేజ్‌ని నిశ్చితార్థాలకు వదిలేసింది. ఈ లైన్ బిజీ వెనకాల ఒక కథ చెబుతారు. అమెరికాలో కాన్సస్ సిటీలో అల్మన్ స్ట్రోజర్ అని ఒకాయన శవసంస్కారాల వ్యాపారం చేసేవాడు. అప్పట్లో కాల్ కలపాలంటే ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరు చేతి మీదుగానే జరగాలి. తనకు రావలసిన కాల్స్ ఆపరేటరు పోటీదారుడికి మళ్లిస్తోందని, తన లైను బిజీ అని అబద్ధం చెబుతోందని స్ట్రోజర్‌కి అనుమానం. ఆ ఆపరేటరు ఆ పోటీదారుడి భార్యేనని కూడా అంటారు. ఆ కోపంలో అసలు మనిషి చెయ్యే తగలకుండా లైన్లు వాటంతటవే కలిసే యంత్రం కనిపెట్టి 1891లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఇండియానాలోని లా పోర్ట్‌లో దానితో ఎక్స్‌ఛేంజీ మొదలైంది. కథలో ఎంత కల్పన కలిసినా నాకు నచ్చే సంగతి ఒకటుంది. బిజీ అని మనిషి చెబితే నమ్మలేక ఒకాయన యంత్రాన్ని చేశాడు. కుయ్ కుయ్ అన్న ఆ మోత అబద్ధం ఆడదు. వందేళ్లు దాటేసరికి మనం సెల్‌ఫోను చేతబట్టుకుని, మోగుతున్న కాల్ కట్ చేసి, ముందే రాసిపెట్టి ఉన్న 'ఇప్పుడు మాట్లాడలేను' అన్న మెసేజీ ఒక్క వేలితో పంపించేస్తున్నాం. అబద్ధం ఆడే సదుపాయం ఆపరేటరు దగ్గర్నుంచి యంత్రం లాక్కుంటే, దాన్ని మళ్లీ ఇంటింటికీ పంచిపెట్టాం.

సరే, అబద్ధమే అనుకుందాం. కానీ గొప్పకోసం ఆడే అబద్ధం ఎప్పుడూ ఒకేలా ఉండదు కదా. మా తాతల కాలంలో గొప్ప తీరికలో ఉండేది. పడక్కుర్చీలో వాలి, పనులన్నీ ఎవరో చేస్తుంటే 'ఏమిటోయ్ సంగతులు' అనగలిగినవాడే పెద్దమనిషి. అల్లసాని పెద్దనదని చెప్పుకునే చాటువొకటి ప్రసిద్ధం. అడ్డు లేని చోటు, కర్పూర తాంబూలం, మనసుకు నచ్చిన భోజనం, ఊగే మంచం, తప్పొప్పులు తెలిసిన రసికులు కావాలంటూ జాబితా చదివి, ఇవి దొరక్కుండా కవిత్వం ఊరికే వస్తుందా అని ముగిస్తాడాయన. రాయడానికి అంత తీరిక కావాలని సిగ్గుపడకుండా అడిగిన కాలం అది. పడమటిదేశాల్లోనూ అంతే. 1899లో థార్‌స్టైన్ వెబ్లెన్ తీరిక వర్గం మీద పుస్తకమే రాశాడు. పని చేయనక్కర్లేకపోవడాన్ని నలుగురికీ కనబడేలా చూపించుకోవడమే అప్పటి ధనికుల హోదా అని ఆయన వాదన. ఆ పుస్తకం మీద దుమ్ము పడుతూ పడుతూ ఉండగా లెక్క తిరగబడింది. 2017లో సిల్వియా బెల్లెజా, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. తీరిక లేకుండా పనిచేసే మనిషికే అమెరికాలో జనం ఎక్కువ హోదా కట్టబెడుతున్నారని వాళ్లు ప్రయోగాలు చేసి చూపించారు. ఇటలీవాళ్లను అడిగితే మాత్రం పాతకాలం జవాబే వచ్చింది, తీరిగ్గా ఉన్నవాడే గొప్పవాడని. మన హైదరాబాదు ఇప్పుడు ఎటువైపు ఉందో వేరే పరిశోధన అక్కర్లేదు. డాలస్‌లో ఉన్న బంధువు 'ఈ వీకెండ్ బిజీ, వచ్చే వీకెండ్ చూద్దాం' అంటే, అదే వాక్యం కూకట్‌పల్లిలో ఉన్నవాడూ అంటాడు.

దీన్నంతా ముందే చూసి ఉంటే ఆర్థికవేత్త కీన్స్ ఏమనుకునేవాడో. 1930లో, ప్రపంచమంతా మాంద్యంలో మునిగి ఉండగా, ఆయన మనవల కాలం గురించి ఒక వ్యాసం రాశాడు. వందేళ్లలో మనుషులకు వారానికి పదిహేను గంటల పని చాలునని, ఆపైన మిగిలే తీరికతో ఏం చేయాలన్నదే వాళ్లకి అసలు సమస్య అవుతుందని ఊహించాడు. ఆ వందేళ్లు 2030లో నిండుతాయి. ఆ గడువు దగ్గరపడుతుండగా, 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటల దాకా వెళ్లారు. ఆదివారం ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు, భార్య ముఖం ఎంతసేపు చూస్తారన్న ధోరణిలో. దేశమంతా గంటల సంఖ్య మీద పోట్లాడింది. నాకు మాత్రం ఆ రెండో సగం దగ్గర ముల్లు గుచ్చుకుంది. ఆదివారం ఇంట్లో చేయడానికి పనేమీ లేదన్న నమ్మకం అందులో ఎంత నిశ్చింతగా కూర్చుని ఉంది! మరి ఆ చూడబడే ముఖం ఆ ఆదివారం పొద్దున ఎన్నింటికి లేచిందో?

ఇక్కడికొచ్చేసరికి నేను పైన మురిసిపోయిన తీరిక కూడా నన్ను నిలదీస్తోంది. పని తీరితే మిగిలేది తీరిక అన్నాను. నాట్లు అయిపోతాయి, కోతలు అయిపోతాయి, పెళ్లి అయిపోతుంది. ఎవరి పనులు అయిపోతాయి? మా అమ్మ పని ఏ రోజు తీరింది? పొద్దున పాలతో మొదలై, టిఫినూ, వంటా, గిన్నెలూ, బట్టలూ, మళ్లీ కాఫీలూ, మళ్లీ వంటా, రాత్రి పాలు తోడువేయడంతో ఆగేది. ఆగేది అంతే, తీరేది కాదు. తోడు వేసిందంటే అర్థం రేపటి పని మొదలుపెట్టిందనే. పెద్దన అడిగిన ఆ మనసుకు నచ్చిన భోజనం ఎవరో వండాలి. ఆ వండిన మనిషికి ఊగే మంచం కావాలని ఏ చాటువూ అడగలేదు. మన నోళ్లలో ఒక సామెత ఉంది కదా, క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదని. ఎప్పుడూ హడావిడి పడే పనికిమాలినవాణ్ణి వెక్కిరించడానికి వాడతాం. ఇన్నేళ్లలో నాకు తట్టని సంగతేమిటంటే, అది వెక్కిరింతే కానక్కర్లేదు. అక్షరం మార్చకుండా చదివితే అది ఇల్లాలి పనికి కొలిచి ఇచ్చిన వర్ణన. తీరికా లేదు, ఆదాయమూ లేదు. ఆ రెండూ ఒకే మనిషి దగ్గర లేకపోవడం చూసి మనవాళ్లకి నవ్వొచ్చిందన్నమాట.

సామెతలో ఉన్నది ఇప్పుడు అంకెల్లో కూడా ఉంది. జాతీయ గణాంక కార్యాలయం జనం రోజుని ఎలా గడుపుతున్నారో కనుక్కునే సర్వే చేస్తుంది. 2024 సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు ఇస్తున్నారు, మగవాళ్లు 88. అంతకుముందు 2019లో ఇవే అంకెలు 299, 97. ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గిందని సంతోషించబోతుంటే, మగవాళ్లు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. ఏ నిమిషానికా నిమిషం లెక్క కట్టి చూసినా, అయిదు గంటలకు దగ్గరగా పనిచేసిన ఆ మనిషి 'నేను బిజీ' అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. అమ్మ 'చెయ్యి ఖాళీ లేదురా' అనేది. అప్పుడైనా మేము చెయ్యి వైపు చూసి, పిండి ఉందా లేదా అని తేల్చుకుని, అదయ్యాక రమ్మనేవాళ్లం. ఒంటి మీది మాటలని పైన మెచ్చుకున్నానే, వాటితో చిక్కు అదే. సాక్ష్యం చూపించాలి. పని పేరు చెప్పాలి. చెప్పాక ఎదుటివాళ్లు దాన్ని కొలుస్తారు, ఇంతేనా అంటారు.

ఆ వెలుగులో బిజీ నాకు వేరేగా కనబడడం మొదలైంది. మా బంధువుల్లో ఒకమ్మాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. అత్తగారు కింద నుంచి పిలిస్తే, మేడ మీద గదిలోంచి 'బిజీగా ఉన్నానత్తయ్యా' అంటుంది. అంతే, కింద నుంచి రెండో ప్రశ్న రాదు. ఏం పని, ఎంతసేపు, చెయ్యి చూపించు, ఏమీ ఉండదు. 'తీరిక లేదత్తయ్యా' అని ఉంటే యుద్ధమే. తీరిక ఎందుకు లేదో తేలేదాకా నడిచేది. ఆ తలుపు వెనకాల ఆ పిల్ల ఆఫీసు పనే చేస్తోందో, కాసేపు నడుం వాల్చిందో ఎవరికీ తెలియదు, తెలియనక్కర్లేదు. కోడలికి అలాంటి గడియ ఉన్న తలుపు తెలుగులో అంతకుముందు ఎవరైనా బిగించారా? మడి, తలనొప్పి, ఆ మూడు రోజులు... ఏదో ఒక సాకు కావలసి వచ్చేది, సాకుల్లోనూ ఒంటిని సాక్ష్యం పెట్టాల్సిందే. బిజీకి ఒళ్లు అక్కర్లేదు. ఆ మాటలో నేను తప్పుపట్టిన మసకే ఆ అమ్మాయికి నీడ.

అయితే ఆ నీడ అందరికీ పడడం లేదు. మా అపార్టుమెంట్లో ఇళ్లలో పనిచేసే ఒకావిడ, ఇంకో రెండు గిన్నెలు తోమిపెట్టమంటే ఒక రోజు 'ఇయ్యాల బిజీ అమ్మా' అంది. లిఫ్టు దగ్గర నలుగురూ నవ్వుకున్నారు. బిజీ అట, విన్నారా అని మర్నాడు దాకా చెప్పుకున్నారు. అంత నవ్వెందుకొచ్చింది? ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు. మన అంతస్తుల్లో ఎక్కువ ఇళ్లకి తిరిగేది, ఎక్కువ మెట్లెక్కేది ఆవిడే. 'టైము లేదమ్మా' అని ఉంటే కసురుకునేవాళ్లే గానీ నవ్వేవాళ్లు కారు. ఆఫీసరు బిజీ అంటే బయట బెంచీ మీద గంటలు కూర్చుంటాం. ఆటో డ్రైవరు బిజీ అంటే పొగరంటాం. రిటైరైన మాస్టారు బిజీ అంటే వాట్సాప్‌లో పొరపాటున పడిందనుకుని తీసేయబోతాం. మాట అందరి నోటా ఒకటే, నమ్మకం మాత్రం మనిషిని చూసి ఇస్తున్నాం.

దీన్నిబట్టి నాకు తోచింది ఒకటుంది, మీకెలా అనిపిస్తుందో. మనం బిజీని ఫ్యాషనుకి తెచ్చుకున్నామని ఊరికే నిందిస్తుంటాం. నిజానికి పొలం పని లాగా తీరే పనులు మన చేతుల్లోంచి జారిపోయాయి. మెయిలుకి జవాబిస్తే ఇంకో మెయిలు వస్తుంది. ప్రాజెక్టు అయిపోకుండానే దాని రెండో భాగం మొదలవుతుంది. దీనికి సంక్రాంతి లేదు, కోతలయ్యాక అన్న మాట లేదు. తీరడం అన్న ధాతువు మీద నిలబడ్డ మాట ఇలాంటి పనికి ఎక్కడ సరిపోతుంది? అంతులేని పనికి అంతులేని మాట కావలసి వచ్చి బిజీ వచ్చింది. కాకపోతే అంతులేని పని అన్నది ఆఫీసులు కనిపెట్టిన వస్తువు కాదు. వంటింట్లో అది తరతరాలుగా ఉంది, సామెత పెట్టి వెక్కిరించుకుంటూ బతికాం. అదే పని మగవాళ్ల దాకా, జీతాల దాకా, మెడలో ట్యాగుల దాకా వచ్చాకే దానికొక మర్యాదైన పేరు దొరికింది. దొరికిన పేరును ముందు నుంచీ ఆ పని చేస్తున్నవాళ్లకి మాత్రం పంచలేదు.

ఈ సిద్ధాంతమంతా ఒక సాయంత్రం మా ఆవిడ ముందు పెట్టాను. పాతమాటల్లో పని పేరూ, అయ్యాక అన్న గడువూ ఉండేవి. బిజీలో రెండూ లేవు. కాబట్టి ఇక నుంచి మనింట్లో బిజీ అన్నవాళ్లెవరైనా ఏం పనో, ఎప్పటిదాకానో కూడా చెప్పాలి అని ఒక నియమం ప్రతిపాదించాను. బాగానే ఉంది, ముందు మీరే మొదలుపెట్టండి అంది. మర్నాడు గదిలోకి వెళ్తూ 'ఆఫీసు రిపోర్టు, నాలుగింటి దాకా' అని ప్రకటించాను. నాలుగయింది. తలుపు దగ్గర కూరల సంచీతో ఆవిడ నిలబడి ఉంది, రైతుబజారుకి వెళ్లాలి, గ్యాసు బుక్ చేయాలి, పైన ట్యాంకు కడగడానికి మనిషిని పిలవాలి అంటూ. రిపోర్టు అయిందా అని అడిగింది. అయిందని చెప్పక తప్పలేదు. నా నియమమే మరి. గడువు చెప్పినవాడు ఆ గడువు తర్వాత అందరికీ దొరికిపోతాడు. మగవాళ్లం ఇన్నాళ్లూ బిజీ పక్కన ఎప్పటిదాకా అన్నది ఎందుకు చేర్చలేదో సంచీ అందుకుంటుంటే అర్థమైంది. 'మరి నువ్వు బిజీ అంటే ఎప్పటిదాకా అని రాయాలి?' అని మెట్లు దిగుతూ అడిగాను. 'ఆ లెక్క మీరు తేల్చి చెప్పండి, అదే రాసుకుందాం' అంది.